పందెం పుంజుకి కుట్లు, పేట పెట్టకి గొయ్యి

సంక్రాంతికి మన గోదావరి జిల్లాల్లో పందెం బరుల దగ్గర చూడండి. కత్తి దిగిన పుంజుకి అక్కడికక్కడే కుట్లేస్తారు. జంతువులతో పందేలాడించడం నేరమని 1960 చట్టం చెబుతున్నా ఆ వైద్యం ఆగదు. మరి మన పేటలో కుక్క పట్టిన పెట్టకి? "పోతే పోయిందిలే" అంటాం.

నా పదో తరగతి పరీక్ష ఫీజు మా అమ్మ పుంజునమ్మి కట్టింది. కోడంటే పేదింటి ఆడవాళ్ల చేతి డబ్బు. అది చిన్న నష్టమా?

గాయాన్ని కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడగండి. ఆ కోడిని వేరే గంప కింద పెట్టండి. నెత్తురు కనబడితే మిగతావి పొడిచి చంపుతాయి.

కొక్కెర తెగులు అలా కాదు. పచ్చగా రెట్టవేసి, మెడ మెలితిరిగాక ఏ బిళ్లా పనిచెయ్యదు. అది వైరస్. కోడి బాగున్నప్పుడే టీకా పడాలి. ఒక్క సీసా వంద కోళ్లకి పైగా వస్తుంది. ఐసులో ఉంచాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. ఐదు కోళ్లున్న ఇల్లు ఒక్కటీ ఏం చెయ్యగలదు? అందుకే పేటంతా ఒక రోజు అనుకోవాలి. ఆ రోజు తెల్లారకుండానే పేటకి రమ్మని పశువుల డాక్టరు గారికి అందరూ సంతకాలు చేసి అర్జీ పెట్టాలి.

2025 ఫిబ్రవరిలో కానూరు, వేల్పూరుల్లో బర్డ్ ఫ్లూ తేలింది. ఆ రోగం వేరు. కానీ కోళ్లని చంపి పూడ్చడానికి అధికారులు వెంటనే వచ్చారు. చంపడానికి వచ్చిన జీపు, బతికించే టీకాతో పేట దాకా రాలేదా?

అడుగుదాం.