చంటిబిడ్డ చర్మం – చెప్పులు లేని పాదం

మన ఇళ్లలో చంటిబిడ్డ స్నానం ఒక చిన్న ఉత్సవం. ఒక ఇంట ఆ తొలి వేడుకను ఛటీ అంటారు, మరొక ఇంట పురుడు అంటారు. కాళ్లపై బిడ్డను పడుకోబెట్టుకొని నూనె రాసి నీళ్లు పోసే ముసలమ్మ ఆప్యాయత మాత్రం రెండిళ్లలోనూ ఒక్కటే. విడవలూరు మొదలు రామతీర్థం సముద్రతీరం దాకా ఏ వాకిట చూచినా ఈ దృశ్యమే. ఇంతటి శ్రద్ధ చూపే మనమే, బిడ్డ నడక నేర్చిన నాటినుండి ఆ చర్మాన్ని పూర్తిగా మరచిపోతున్నాము. నా ఆవేదన అదే.

చర్మమంటే అందమనే భావం మనలో నాటుకొని ఉన్నది. అందుకే రంగు వస్తుందని సున్నిపిండితో బిడ్డ కెవ్వుమనేటట్లు రుద్దుతాము. పౌడరు దట్టంగా చల్లుతాము. శిశువు చర్మం పెద్దల చర్మం కన్న పలుచన. గట్టిగా రుద్దితే ఒరిసిపోతుంది. పౌడరు రేణువులు ఊపిరితిత్తులలోకి పోతాయి. మెత్తని చేతితో కొద్దిపాటి నూనె, గోరువెచ్చని నీరు, మెడ, చంక, తొడల ముడతలలో తడి లేకుండా అద్దడం, తడిసిన గుడ్డను వెంటనే మార్చడం – ఇవి చాలు. రంగు తెచ్చే పిండి ఏదీ లేదు. చర్మం అలంకారం కాదు, శరీరమనే కోటకు ప్రాకారం.

ఆ ప్రాకారాన్ని ఛేదించే శత్రువు మన కాళ్ల క్రిందనే పొంచి ఉన్నది. కొంకిపురుగు గుడ్లు మలంతో నేలపై పడి, తేమ, నీడ గల ఇసుక మట్టిలో పొదిగి, కంటికి కానరాని పిల్లపురుగులవుతాయి. అవి వట్టి పాదాల చర్మాన్ని తొలుచుకొని, రక్తంతో ఊపిరితిత్తులకు, అక్కడినుండి గొంతు మీదుగా ప్రేగులకు చేరి నెత్తురు పీలుస్తాయి. పందొమ్మిదవ శతాబ్దం చివర కైరోలో ఆర్థర్ లూస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆ పురుగులున్న నీటిని పొరపాటున తన చేతిపై ఒలకబోసుకున్నాడు. చేయి దురద పెట్టింది. కొంతకాలానికి ఆయన మలంలోనే గుడ్లు కనిపించాయి. చర్మమే ద్వారమని లోకానికి అలా తెలిసింది.

మన పల్లెలలో మాత్రం నేటికీ నేరమంతా బెల్లానిదే! తీపి తింటే కడుపులో పురుగులు పుడతాయని పిల్లల నోరు కట్టివేస్తాము. కాని ఏలికపాము గుడ్డు వచ్చేది మట్టి నిండిన గోళ్లనుండి, కడగని కూరగాయలనుండి.

పాలిపోయిన ముఖంతో మొదటి గంటకే బల్లపై తలవాల్చిన ఒక విద్యార్థినిని "సోమరి" అని మందలించిన పాపం నాకూ ఉన్నది. అది రక్తహీనత అని తరువాత తెలిసి సిగ్గుపడ్డాను. ప్రతి రక్తహీనతకూ పురుగే కారణమని నేననను. కాని ఆ అనుమానమైనా కలుగని చదువు మనకెందుకు?

2015 నుండి ప్రభుత్వం 1 మొదలు 19 సంవత్సరాల వయస్సు వారికి బడులలోను, అంగన్‌వాడీలలోను ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నది. ఇది మంచి పని. అయితే మాత్ర లోపలి పురుగును చంపుతుందే గాని, రేపు రాబోయే పురుగును ఆపలేదు. నారికురుపు చరిత్ర చూడండి. ఒకప్పుడు మన రాష్ట్రాన్నీ పీడించిన ఆ పురుగుకు మందు లేదు, టీకా లేదు. గుడ్డతో నీరు వడగట్టుకోవడం, దిగుడుబావుల వాడకం మానడం అనే అలవాట్లే దానిని తరిమివేశాయి. 1996 తరువాత దేశంలో ఒక్క రోగి కూడా లేడు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ విషయాన్ని ధ్రువపరచింది.

కావున, విద్యార్థులారా! మీ ఇంటి చంటిబిడ్డకు నలుగు పెట్టే అమ్మమ్మ ప్రక్కన ఒక్క క్షణం కూర్చోండి. ఆమె ప్రేమను ఆక్షేపించకండి, దానిని మరికొంత దూరం నడిపించండి. బిడ్డ గోళ్లు కత్తిరించండి. మరుగుదొడ్డి వాడకం, సబ్బుతో చేతులు కడగడం ఇంటిల్లిపాదికీ అలవాటు చేయండి. అడుగులు వేసే పాదాలకు చిన్న చెప్పులు తొడగండి. నూనెతో మొదలైన ఆ రక్షణ చెప్పులతో పూర్తి కావాలి.