ధర్మశాస్త్రమును కూతురి భాగమును

2025వ సంవత్సరము జనవరి 27వ తేదీనుండి ఉత్తరాఖండ రాష్ట్రమునందు ఉమ్మడి పౌరస్మృతి అమలులోనికి వచ్చినది. గోవాయందు పోర్చుగీసువారి 1867 నాటి పౌరస్మృతి నేటికిని నడచుచున్నను, స్వతంత్ర భారతమున ఒక రాష్ట్ర శాసనసభ తనకు తానై ఇట్టి స్మృతిని నిర్మించుకొనుట ఇదియే మొదలు. ఇక వాదప్రతివాదములకు కొదవ యేమి? వివాహము, వారసత్వము, దత్తత మున్నగు విషయములలో చట్టము మతధర్మమునుండియే పుట్టవలెనని కొందఱు. అందు మతమునకు జోక్యమే కూడదని కొందఱు. ఉభయులును ఒక సంగతిని మాత్రము ముందే ఒప్పుకొని మాటాడుచున్నారు. మన పూర్వులకు మతధర్మమే చట్టమై యుండెననియు, అది చిరకాలము మార్పులేక నడచినదనియు వారి తలంపు. ఈ యొప్పుకోలు సరియైనదేనా?

ఇది న్యాయవాదులు తేల్చవలసిన విషయము గదా, తెలుగు బోధించువానికేల యని పాఠకులు సందేహింపవచ్చును. తెలుగున ధర్మశాస్త్రమును చెప్పినవాడు ఒక కవి. పదమూడవ శతాబ్దమునందు కేతన మితాక్షర ననుసరించి విజ్ఞానేశ్వరీయమును పద్యములలో రచించెను. దశకుమారచరిత్రమును తిక్కనకు అంకిత మిచ్చినవాడును, ఆంధ్రభాషాభూషణమను వ్యాకరణమును కూర్చినవాడును ఈతడే. పరీక్షలకై ఆ రెండు గ్రంథముల పేళ్లు వల్లించు మన విద్యార్థులు మూడవదానిలోనికి తొంగిచూచుట అరుదు.

ఈ తెలుగు గ్రంథమునకు మూలమగు మితాక్షర యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్య. కల్యాణపుర మేలిన చాళుక్య చక్రవర్తి ఆఱవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు దీనిని వ్రాసెను. బెంగాలు, అస్సాములును, మరుమక్కత్తాయము నడచిన కేరళ ప్రాంతములును తప్ప తక్కిన దేశమున హిందువుల వారసత్వమునకు శతాబ్దములపాటు ఇదియే ప్రమాణము. ఇట్టి గ్రంథకర్త దాయవిభాగము నారంభించుచు వేసికొనిన మొదటి ప్రశ్నలలో నొకటి ఆశ్చర్యము గొలుపును. ఒకని సొత్తు ఒకనిది యగుట శాస్త్రము చెప్పుటచేతనా, లోకవ్యవహారముచేతనా?

స్వత్వము లౌకికమే యని అతని సిద్ధాంతము. యాగమునందలి ఆహవనీయాగ్ని శాస్త్రముచేత నేర్పడినది. దానికి లోకవ్యవహారముతో పనిలేదు. వడ్లట్లుగాక లోకమున అందఱ యక్కఱలను తీర్చును. సొత్తు వడ్లవంటిదే గాని ఆ యగ్నివంటిది కాదని యతడు వాదించెను. అంతటితో నూరకొనక, శాస్త్రమనునదియే యెఱుగని సరిహద్దు దేశములవారును కొనుచున్నారు, అమ్ముచున్నారు, ఇది నాది యది నీది యనుచున్నారు గదా యని చూపెను. మతధర్మమునకు ఆకరమని మనము చేతులు మోడ్చు గ్రంథమే ఆస్తిహక్కును మతమునుండి వేఱుచేసి లోకమున కప్పగించినది!

మఱియొక చోట అతని సాహసము ఇంతకంటె మిన్న. పెద్దకొడుకునకు అధికభాగ మొసగుమని స్మృతులు స్పష్టముగా చెప్పుచున్నవి. విజ్ఞానేశ్వరుడు ఆ వాక్యములను దాచలేదు, వంచలేదు. శాస్త్రమున నున్నను లోకము ద్వేషించునది గావున ఆచరింపదగదని తేల్చి, కొడుకులకు సమభాగములు విధించెను. లోకము మాఱినప్పుడు శాస్త్రవాక్యమును ప్రక్కకు పెట్టుటకు అతనికి శాసనసభ లేదు. వ్యాఖ్యయే అతని శాసనసభ. బెంగాలున జీమూతవాహనుడు మఱియొక త్రోవ పట్టి, పిండము పెట్టి పితరులకు మేలుచేయు నర్హతనుబట్టి వారసుని నిర్ణయించెను. మితాక్షరకు రక్తసంబంధమే ప్రధానము. మతమొక్కటే, వేదమొక్కటే, వారసత్వములు రెండు. మతధర్మమే చట్టమునకు పునాది కావలెననువారు వీనిలో దేనిని పునాది చేయుదురు?

ఐనను విజ్ఞానేశ్వరుని నేటి సంస్కర్తగా చిత్రించుట న్యాయముకాదు. ఉమ్మడి ఆస్తిలో కొడుకునకు పుట్టుకతోడనే హక్కని చెప్పినవాడు కూతురికి దానిని చెప్పలేదు. పెండ్లికాని సోదరీమణులకు నాలుగవ వంతుగా ఒక అంశమును, స్త్రీధనమునకు మాత్రము మిక్కిలి విశాలమైన అర్థమును ఒసగెను. స్త్రీకి వారసత్వముగా వచ్చినదియు, కొనుటచే వచ్చినదియు, పంపకమున వచ్చినదియు నెల్ల స్త్రీధనమే యని యతని మాట.

ఈ మాటను త్రోసివేసినవారు మన శాస్త్రులు కారు. 1772లో వారన్ హేస్టింగ్సు, వారసత్వ వివాహాదులలో హిందువులకు శాస్త్రమును, ముసల్మానులకు ఖురానును వర్తింపజేయవలెనని యేర్పాటు చేసెను. 1810లో కోల్‌బ్రూకు మితాక్షర దాయభాగములను ఇంగ్లీషున ప్రకటించెను. 1864లో న్యాయస్థానముల పండితులను, మౌల్వీలను తొలగించిరి. అటుపిమ్మట ఇంగ్లీషు పుస్తకమే శాస్త్రము, లండనులోని ప్రీవీ కౌన్సిలే వ్యాఖ్యాత. మగవారినుండి స్త్రీకి వారసత్వముగా వచ్చిన సొత్తు స్త్రీధనము కాదనియు, ఆమె బ్రదికినంతకాలము అనుభవించుటకే గాని తనంత తాను అమ్ముటకు లేదనియు 1866, 1867 సంవత్సరముల తీర్పులలో ఆ కౌన్సిలే నిర్ణయించెను. మితాక్షరలో లేని సంకెల మితాక్షర పేరిటనే పడినది. శాస్త్రమును గౌరవించుచున్నామనుకొని వారు దానిని ప్రవహింపనీయక గడ్డకట్టించిరని నా యభిప్రాయము.

తెలుగునాట పండిత గ్రంథముల నెఱుగని కులములు తమ యాచారములతో బ్రదికినవి. కొడుకులు లేని రెడ్లు, కమ్మవారు అల్లుని ఇల్లటము తెచ్చుకొని కొడుకువలె భాగమిచ్చుట స్మృతులలో కానరాదు. ఆచారబలముచేతనే న్యాయస్థానములు దానిని గుర్తించినవి. నిరూపితమైన ఆచారము గ్రంథవాక్యమును మించునని 1868లో రామనాథపుర వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలే చెప్పినది గాని, నిరూపించు భారము బీదవానిపై పడినది. మద్రాసు రాజధానిలో జిల్లా జడ్జిగా పనిచేసిన నెల్సన్ దొర, సంస్కృత స్మృతులను ఈ దేశపు సామాన్య జనులపై రుద్దుట తగదని 1877లో ఒక గ్రంథమే వ్రాసెను.

వితంతు వివాహముల కథ చూడుడు. 1856 నాటి చట్టము ఆ వివాహములను చెల్లుబాటు చేసినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వివాహమును జరిపించిరి. ఇంతవఱకు మనకు పాఠ్యపుస్తకములలో ఉన్నదే. ఆ చట్టములోనే, మరల పెండ్లాడిన స్త్రీ మొదటి భర్త ఆస్తిని కోల్పోవునను నిబంధన కలదు. మారుమనువు తరతరములుగా ఆచారమైయున్న కులముల స్త్రీలకుగూడ ఈ నిబంధన వర్తించునని మద్రాసు మొదలగు హైకోర్టులు చెప్పినవి; అలహాబాదు మాత్రము కాదన్నది. అగ్రవర్ణముల స్త్రీకి తలుపు తెఱచినప్పుడు, తలుపే లేని యింటనున్న స్త్రీకి క్రొత్తగా గోడ కట్టినట్లైనది.

ముసల్మానుల విషయమున ఒక సత్యమును నిష్పక్షపాతముగా చెప్పవలెను. మితాక్షర కూతురికి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు చెప్పని కాలముననే షరియతు ఆమెకు కుమారుని భాగములో సగమును నిర్ణయించియుండెను. 1937 నాటి షరియతు చట్టము, ఆమెకు ఏమియు ఇయ్యని స్థానికాచారములను త్రోసిపుచ్చి ఆ భాగమును నిలువబెట్టినది. అనగా మతధర్మము ఆచారముకంటె మేలైన సందర్భములును గలవు. కాని ఆ చట్టము సాగుభూమిని మినహాయించినది! భూమి రాష్ట్రముల యధికారములోనిదను కారణ ముండెను. మద్రాసు శాసనసభ 1949లో ఆ మినహాయింపును తొలగించినది.

హిందూ చట్టమును సంస్కరించు పని 1941లో బి. ఎన్. రావుగారి సంఘముతో మొదలైనది. డాక్టరు అంబేద్కరు తెచ్చిన హిందూకోడు బిల్లునకు ధర్మము పేరిటనే ప్రతిఘటన కలిగెను. 1951లో ఆయన మంత్రిపదవిని వదలుకొనుటకు ఆ బిల్లు గతియే ప్రధాన కారణములలో నొకటి. ముక్కలు ముక్కలుగా 1955, 1956లలో నెగ్గిన చట్టములలో వారసత్వ చట్టము స్త్రీకి సంపూర్ణ స్వామ్యము నిచ్చినది. ప్రీవీ కౌన్సిలు వేసిన సంకెల అట్లు తెగినది. కాని ఉమ్మడి కుటుంబమున జన్మసిద్ధమైన హక్కు కొడుకులదిగానే నిలిచెను.

ఆ మిగిలిన ముడిని విప్పినవారిలో తెలుగువారు ముందున్నారు. అవిభక్త ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసి, 1985 సెప్టెంబరు 5నుండి అమలు పఱచిన సవరణ, కూతురిని పుట్టుకతోడనే కొడుకుతో సమాన భాగస్వామిని చేసినది. అంతకుముందే పెండ్లియైన వారికి మాత్రము వర్తింపదన్నది. దాని పీఠికయందు చూపిన హేతువులు రాజ్యాంగము చాటిన సమానత్వమును, వరకట్న దురాచారమును. స్మృతివాక్యము నొకదానినైనను సాక్ష్యమునకు పిలువలేదు. విజ్ఞానేశ్వరుడు పెద్దకొడుకు విషయమున లోకవిద్వేషమును హేతువుగా చూపిన తీరే యిదియును. 1989లో తమిళనాడు, 1994లో కర్ణాటక, మహారాష్ట్రములు ఈ దారిని నడచినవి. 2005 సెప్టెంబరు 9నుండి దేశమంతటికిని ఇది చట్టమైనది. తండ్రి ఆ దినమునకు జీవించి యుండనక్కఱలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చినది.

చట్టము మతముపై నిలిచినచో కలుగు చిక్కు మఱియొకటి కలదు. మతసంబంధమైన వ్యక్తిగత ధర్మములను ప్రాథమిక హక్కుల గీటురాతిపై పరీక్షింపరాదని 1951లో బొంబాయి హైకోర్టు చెప్పినది. 2017లో తలాక్ మూడుమార్లు ఒక్కసారిగా చెప్పుటను గూర్చిన వ్యాజ్యము వచ్చినప్పుడు, ఐదుగురు న్యాయమూర్తులలో ఇరువురు అది మతములో భాగము గావున తాకరాదనిరి. ముగ్గురు చెల్లదన్నను, వారిలో ఒకరి ప్రధాన హేతువు అది ఖురానునకు విరుద్ధమనుట. ఒక స్త్రీ కన్నీరు తుడుచుటకు న్యాయస్థానము మతవ్యాఖ్యాన పీఠము కావలసివచ్చుట శోచనీయము. వ్యాఖ్యానము మఱియొక రీతిగా తేలినచో ఆమె గతి యేమి?

ఐన ధర్మమునకు చోటేది? మొన్న మితాక్షరను బోధించుచుండగా ఒక విద్యార్థిని యడిగినది: "మాస్టారూ, మా అమ్మ తన భాగమును మా మేనమామలకు విడుదల దస్తావేజు వ్రాసి యిచ్చినది. పెండ్లినాడు ఇచ్చిన పసుపుకుంకుమలతో తన ఋణము తీరినదట. అట్లిచ్చుట ధర్మమేనా?" ఇచ్చుట ధర్మమో కాదో ఆ తల్లి యంతరాత్మ చెప్పవలసిన మాట. కాని ఇచ్చుటకు ముందు అది ఆమెది కావలెను. తనది కానిదానిని ఎవ్వరును దానము చేయజాలరు. ఆమెది యనుట చట్టము పని. ఉంచుకొందువో, అన్నదమ్ములకిత్తువో, గుడికిత్తువో అని ఆమెతో మాటాడుట ధర్మము పని. ధర్మమే చట్టమైనచో ఆమెకు ఇచ్చు పుణ్యముగూడ మిగులదు. రిజిస్ట్రారు కచేరీలో సంతకము చేయించునపుడు ఆమెను నిజముగా అడుగుచున్నారా యనునది వేఱు ప్రశ్న. మన గ్రామములలో తఱచు అడుగుట లేదు.

ఉమ్మడి స్మృతి యనిన మాత్రముననే మతము తొలగిపోవునని నేననను. సంఖ్యాబలము గలవారి యలవాటు ఉమ్మడి పేరిట వచ్చిన, అదియు మతధర్మమే. ఉత్తరాఖండ స్మృతి గిరిజనులను మినహాయించినది. వారసత్వమున స్త్రీపురుషుల కొక్కటే క్రమము నేర్పఱచుట మాత్రము ప్రశంసింపదగినది. ఏలయన 1956 నాటి చట్టపు 15వ విభాగమున ఆ క్రమము నేటికిని వేఱు. భర్తయు సంతానమును లేని హిందూ స్త్రీ వీలునామా లేక మరణించినచో, ఆమె స్వార్జితము ముందు భర్తవైపు వారసులకు పోవును. కన్నవారు ఆ తరువాత. పెండ్లియైన మూడు నెలలకే వితంతువై, అత్తింటివారు వెళ్లగొట్టగా పుట్టింట చదివి, ఉద్యోగము చేసి గడించిన యొక స్త్రీ సొమ్ము ఆమె భర్త తోబుట్టువు కొడుకులకు చెందునని 2009లో సుప్రీంకోర్టు ఆ విభాగము ప్రకారమే చెప్పవలసివచ్చెను. పెండ్లితో స్త్రీ గోత్రము మాఱునను తలంపు తప్ప దీనికి వేఱు మూలము నాకు కనబడదు. ఆ విభాగము మాఱువఱకు, జీతము తెచ్చుకొను మన ఉపాధ్యాయినులు వీలునామా వ్రాసి యుంచుకొనుట మేలు. తెల్లకాగితముపై వ్రాసి, ఇద్దఱు సాక్షుల యెదుట సంతకము చేసి, వారిచేతను సంతకములు చేయించిన చాలును, రిజిస్టరీ తప్పనిసరి కాదు.