అమీర్‌పేటలో నేర్చుకున్న కోడింగ్ వాతావరణ మార్పులపై పనికొస్తుందా?

గట్టిగా గంట వాన పడితే అమీర్‌పేట మైత్రీవనం దగ్గర, పంజాగుట్ట మోడల్ హౌస్ దగ్గర రోడ్డు మీద నీళ్లు నిలుస్తాయి. ఆ పక్క వీధుల్లోని కోచింగ్ సెంటర్లకే జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్ నేర్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో యువత వస్తుంటారు. ఆ నీళ్లకు, ఈ కోర్సులకు సంబంధం ఉందా? ఉంది.

వాన లెక్క ఎవరిది?

‘ఫలానా చోట ఇన్ని సెంటీమీటర్లు’ అంటూ వార్తల్లో వచ్చే అంకెల్లో చాలావరకు టీజీడీపీఎస్‌వి. రాష్ట్రవ్యాప్తంగా ఈ ప్రభుత్వ సంస్థకు వెయ్యికి పైగా ఆటోమేటిక్ వెదర్ స్టేషన్లున్నాయి. సెన్సర్ పంపిన అంకె సర్వర్‌కు చేరాలి, తప్పులుంటే పట్టుకోవాలి, మ్యాపుగా మారి మీ ఫోన్‌లో కనిపించాలి. ఇదంతా సాఫ్ట్‌వేర్ పనే. 2020 అక్టోబరు 13న నగరాన్ని ముంచెత్తిన వానలాంటిది మళ్లీ వస్తే, ఈ సమాచారం ఎంత త్వరగా అందితే అంత మేలు.

ఉద్యోగాలు ఎక్కడ?

ఉపగ్రహ చిత్రాలతో వరద మ్యాపులు తయారుచేసే ఎన్‌ఆర్‌ఎస్‌సీ బాలానగర్‌లో ఉంది. సునామీ హెచ్చరికలు, మత్స్యకారులకు చేపల జాడ చెప్పే ఇన్‌కాయిస్ ప్రగతినగర్‌లో ఉంది. అయితే ప్రభుత్వ సంస్థల్లో పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. అందుకే ప్రైవేటు వైపూ చూడాలి.

సెబీ నిబంధన ప్రకారం 2022-23 నుంచి మార్కెట్ విలువలో తొలి 1,000 లిస్టెడ్ కంపెనీలు తమ విద్యుత్ వాడకం, కర్బన ఉద్గారాల లెక్క చెప్పాలి. ఆ లెక్క కూడగట్టడానికి డేటా తెలిసినవాళ్లు కావాలి. ఐటీ రంగం వాడే కరెంటూ తక్కువేం కాదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో ప్రపంచ విద్యుత్‌లో దాదాపు 1.5 శాతం డేటా సెంటర్లే వాడాయి. అనవసరంగా నడిచే సర్వర్లను తగ్గించే క్లౌడ్ ఇంజినీర్ కూడా ఈ పనిలో భాగమే.

ఫీజు కట్టే ముందు

‘క్లైమేట్’ అన్న పేరు చూసి వేలకు వేలు కట్టేయకండి. ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేవి డేటా ఇంజినీర్, జీఐఎస్ డెవలపర్ లాంటి మామూలు పేర్లే. ‘జాబ్ గ్యారంటీ’ అంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మని అడగండి.

ముందు పైథాన్, ఎస్‌క్యూఎల్ గట్టిగా పట్టుకోండి. తర్వాత తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లో మండలాలవారీ వర్షపాతం డేటా ఉచితంగా తీసుకోండి. మీ మండలంలో 64.5 మిల్లీమీటర్లు దాటిన రోజులు ఏ ఏడాది ఎన్నో తేల్చండి. వాతావరణ శాఖ లెక్కలో ‘భారీ వర్షం’ అక్కడి నుంచే మొదలవుతుంది. ఫలితాన్ని మ్యాపుగా చూపించండి. పక్కవాళ్లతో పాటు కాపీ చేసిన ప్రాజెక్టు కన్నా, ఇంటర్వ్యూలో మీరు నిలబడి వివరించగలిగేది ఇదే.