కంచె లోపలి పచ్చిక

మనుష్యుని కోరికలలో రెండు తెగలు కలవు. వస్తువును అనుభవింపవలెనను కోరిక మొదటిది. ఇతరులకు లభింపని వస్తువును అనుభవింపవలెనను కోరిక రెండవది. మొదటిది ఆకలివంటిది, తీరిన పిమ్మట శాంతించును. రెండవదానికి శాంతి లేదు. ఏలయన అది వస్తువును ఆశ్రయించి యుండదు, ఇతరుల లేమిని ఆశ్రయించి యుండును. జగత్ప్రసిద్ధమై, సామాన్యులకు దుర్లభమైన గోల్ఫు మైదానములో జీవితమున ఒక్కమారైనను ఆడి రావలెనని ధనికులును, ధనికులు కాగోరువారును పడు తపన ఈ రెండవ తెగకు చెందినది. దీనిని క్రీడాభిలాష యనియు, సౌందర్యదృష్టి యనియు, తీర్థయాత్ర యనియు పొగడుట పరిపాటియైనది. ఈ పొగడ్తలో సత్యమెంత కలదో పరిశీలింపవలసి యున్నది.

ఇట్టి పరిశీలనకు పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూర్ కంటె తగిన తావు దొరకుట కష్టము. ఆ పట్టణపు పొలిమేరలలో విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వెలసినది. మట్టి త్రవ్వు భారీ యంత్రములు అక్కడ తయారగుచున్నవి. ఆ పారిశ్రామిక వాడకు పెట్టిన పేరు ఏ ధనికునిదియు కాదు. 1820లో బీర్‌సింగా గ్రామమున పేద బ్రాహ్మణ గృహములో పుట్టి, వితంతు వివాహ శాసనమునకై పోరాడిన ఈశ్వరచంద్ర విద్యాసాగరునిది. ఆంధ్రులకు ఆ పేరు క్రొత్త కాదు. కందుకూరి వీరేశలింగము పంతులును దక్షిణదేశ విద్యాసాగరుడని లోకము కొనియాడినది. పరిశ్రమ వర్ధిల్లినచోట సంపద పెరుగును. సంపద పెరిగినచోట, ఆ సంపద ఎట్టి వినోదమును కోరవలెనను ప్రశ్న పుట్టును. ఈ ప్రశ్నకు నేటి భారతదేశమున సమాధానము ముందే సిద్ధపరుపబడి యున్నది. మహానగరముల అంచున లేచుచున్న భవనముల ప్రకటనలలో గోల్ఫు మైదానము కిటికీకి ఎదురుగా పరచినట్లు కనబడును. ఆడుట రానివాడు సైతము ఆ కిటికీకి ఎక్కువ ధర చెల్లించును. అతడు కొనునది ఆట కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఖరగ్‌పూర్ ప్రజలకు కంచెల సంగతి బాగుగా తెలియును. 19వ శతాబ్దము చివర బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ జంక్షనును నెలకొల్పి, ఆ వెనుక గొప్ప వర్కుషాపును కట్టినది. ఆ రైలుమార్గము వెంబడి శ్రీకాకుళ, విశాఖ మండలముల నుండియు, గంజాము నుండియు తెలుగువారు వేలకొలది తరలిపోయిరి. మథురాకాటి, నిమ్పురా మొదలగు పేటలలో నేటికిని తెలుగు వినబడుచున్నది. వారి చేతులే ఇంజనులను బాగుచేసినవి, బోగీలను నిలబెట్టినవి. కాని రైల్వే పట్టణములలో నివాసము సహితము హోదానుబట్టి ఉండెడిది. దొరల బంగళాలు ఒకవైపు, కూలీల గదులు మరియొకవైపు. సాయంకాల వినోదమునకు యూరోపియనుల ఇన్‌స్టిట్యూటు వేరు, భారతీయుల ఇన్‌స్టిట్యూటు వేరు. 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు సమ్మె చేసినప్పుడు వారు అడిగినది కూలి మాత్రమే కాదు, మర్యాద కూడ. ఆ రైల్వే కార్మిక సంఘమునకు నాయకత్వము వహించినవారిలో వరాహగిరి వేంకటగిరి ఒకరు. పరాయి ప్రభుత్వపు రైల్వేతో పోరిన ఆ తెలుగు నాయకుడు 1969లో భారత రాష్ట్రపతి పదవి నధిష్ఠించెను. ఆ కార్మికుల మనుమలకు నేడు ఉత్తమ జీవితమునకు చిహ్నముగా దొరల వినోదమునే, దొరల కంచెతో సహా చూపుట న్యాయమేనా యనునది ఇక్కడి ప్రశ్న.

ఈ మాట చెప్పినంతనే ప్రతిపక్షులు ఒక సామెతను ప్రయోగింతురు: అందని మ్రాని పండ్లు పుల్లన. ఈ ఆక్షేపణ నిలువదు. పండ్లు పుల్లనివని ఇక్కడ ఎవరును అనుట లేదు. గోల్ఫు మంచి ఆట. అది శరీరమునకు నడకను, మనస్సునకు నిదానమును నేర్పును, ముదిమిలోను ఆడదగినది. 1457లోనే స్కాట్లాండు పార్లమెంటు, ప్రజలు విలువిద్యను మాని దీనిని మరిగినారని నిషేధింపవలసి వచ్చెను. రాజ్యము నిషేధించినను చావని ఆటలో ఏదో రసము ఉండియే తీరవలెను. పచ్చిక పచ్చగానే యున్నది. వివాదమంతయు కంచెను గురించినది.

అమెరికాలోని అగస్టా నేషనల్ క్లబ్బును ఉదాహరణముగా తీసికొందురు గాక. దుర్లభత్వమునకు అదియే ఆదర్శమని గోల్ఫు ప్రియులందరును ఒప్పుకొందురు. అక్కడ సభ్యత్వమునకు దరఖాస్తు పెట్టుకొను పద్ధతియే లేదు; క్లబ్బు తానే పిలువవలెను. ఆ నేల పూర్వము నీలిమందు తోట. 1857లో అది చేతులు మారి పూలమొక్కల, పండ్లమొక్కల నర్సరీ యైనది. నీలిమందు అనగానే బెంగాలు ప్రజలకు తెల్లదొరల కొరడా జ్ఞప్తికి వచ్చును. దీనబంధు మిత్రుని నీలదర్పణ నాటకము 1860లో వెలువడినది ఆ బాధ నుండియే. అగస్టా మైదానము 1933లో ప్రారంభమైనది. మరుసటి యేడు నుండి అక్కడ మాస్టర్స్ పోటీ జరుగుచున్నది. ఆ పోటీలో ఒక నల్లజాతి క్రీడాకారుడు, లీ ఎల్డర్, ఆడుటకు 1975 వరకు ఆగవలసి వచ్చెను. కాని సంచులు మోయు కేడీలు మాత్రము మొదటి నుండియు నల్లవారే. 1982 వరకు ఆ పోటీలో ఆడువారందరును క్లబ్బువారి ఆ కేడీలనే పెట్టుకొనవలెను. నల్లజాతి సభ్యుడు ఒకడు 1990లో చేరెను. స్త్రీలు ఇద్దరు 2012లో చేరిరి.

ఈ సంవత్సరములను వరుసగా పేర్చి చూచినచో ఒక సంగతి తేటపడును. 1990లో గాని, 2012లో గాని ఆ మైదానపు గడ్డి రంగు మారలేదు. అజేలియా పూలు పూయుట మానలేదు. గుంటల సంఖ్య 18 నుండి తగ్గలేదు. ఆట గౌరవమునకు, పచ్చిక శోభకు ఆ నిషేధములు అవసరమని తరముల తరబడి సమర్థించినవారి వాదము ఏమైనది? ద్వారము కొంచెము తెరచినను మైదానము చెడలేదు గనుక, అంతకాలము మూసి యుంచినది మైదాన రక్షణమునకు కాదని సిద్ధించుచున్నది. స్కాట్లాండులోని మ్యూర్‌ఫీల్డు క్లబ్బు 2016లో స్త్రీలను చేర్చుకొనుటకు నిరాకరించెను. ప్రఖ్యాతమైన ఓపెన్ పోటీ ఇక తమ యొద్ద జరుగదని తెలిసిన పిమ్మట, 2017లో అంగీకరించెను. సంప్రదాయము ప్రాణసమానమన్నవారు ఒక్క యేటిలో దానిని విడిచిపుచ్చగలిగిరి.

దుర్లభత్వము లేనిదే మహత్త్వము లేదను వాదమునకు గట్టి ఖండనము ఆ ఆటకు పుట్టినిల్లైన సెయింట్ ఆండ్రూస్‌లోనే కలదు. గోల్ఫు లోకమున అంతకు మించిన పురాణ ప్రసిద్ధి గల స్థలము వేరొకటి లేదు. ఆ పాత మైదానము ఏ క్లబ్బు సొత్తును కాదు. 1894లో వచ్చిన శాసనము నాటి నుండి అది ప్రజల ఆస్తి. ఆడగోరువారు చీటీ వేసి తమ వంతు కొరకు ఎదురుచూతురు. రుసుము తక్కువ కాదు. కాని కులమును, పరిచయమును, ఆహ్వానపత్రమును అడుగువారు లేరు. పెద్ద పోటీలు జరుగు సందర్భములు తప్ప ఆదివారములందు ఆట నిలిపివేయుదురు. ఆ దినమున ఊరివారు బిడ్డలతోను, కుక్కలతోను ఆ పచ్చికపై షికారు తిరుగుదురు. శతాబ్దములుగా ప్రజల కాళ్లు త్రొక్కినను ఆ నేల పవిత్రత తగ్గలేదు. తల్లి ఇంట లేని మడి, పిల్లల ఇండ్లలో ఎందులకు?

భారతదేశమున ఈ మడి మరింత విడ్డూరమైనది. కలకత్తా గోల్ఫు క్లబ్బు 1829లో స్థాపితమైనది. బ్రిటిష్ దీవుల వెలుపల అంతకంటె పాతది లేదు. దానికి 1911లో రాయల్ అను బిరుదు లభించెను. దొరలు పోయిరి, వారి నియమములు ఉద్యోగములు మానలేదు. చిత్రకారుడు ఎం. ఎఫ్. హుస్సేను పాదరక్షలు లేకుండ వచ్చెనని 1988లో బొంబాయిలోని విల్లింగ్‌డన్ క్లబ్బు లోనికి రానీయలేదు. పంచె కట్టుకొనివచ్చెనని 2014లో చెన్నపట్నమున ఒక హైకోర్టు న్యాయమూర్తిని క్రికెట్ సంఘపు క్లబ్బువారు గుమ్మములోనే నిలిపిరి. తమిళనాడు ప్రభుత్వము అదే యేట శాసనము చేసి ఇట్టి నిషేధములను తొలగింపవలసి వచ్చెను. ఢిల్లీ గోల్ఫు క్లబ్బులో 2017లో అతిథిగా వచ్చిన ఒక ఖాసీ స్త్రీని, తన జాతి దుస్తులు ధరించినందున పనిమనిషివలె కనబడుచున్నదని, భోజనశాల నుండి లేచిపొమ్మనిరి. ఆ క్లబ్బు నిలిచియున్న నేల ప్రభుత్వము కౌలుకిచ్చినది. అనగా ఆ నేలకు యజమానులైన ప్రజలలో ఒకతెను, ఆ నేలను అనుభవించుచున్నవారు వెళ్లగొట్టిరి.

ఈ సందర్భమున విద్యాసాగరుని చెప్పులను స్మరింపక తప్పదు. 1874లో ఆ మహాపండితుడు ధోవతి, ఉత్తరీయము, దేశవాళీ చెప్పులతో కలకత్తాలోని ప్రదర్శనశాలను చూడబోయెను. చెప్పులు విడిచియో, చేత పట్టుకొనియో లోనికి రావలెనని ద్వారపాలకుడు ఆజ్ఞాపించెను. ఇంగ్లీషు బూట్లు తొడిగినవారికి ఆ నిర్బంధము లేదు. విద్యాసాగరుడు వాదులాడలేదు, వెనుకకు మరలెను. పిమ్మట అధికారులకు లేఖ వ్రాసి ఈ భేదము నేల యని నిలదీసెను. ద్వారము ఎంత ఘనమైనదైనను, తన మర్యాదను గడప వద్ద వదలి దాటదగినది కాదని ఆయన ఆచరణము. ఏ షరతునకైనను తలయొగ్గి ఒక్కమారు లోనికి పోయి రావలెననువారి తహతహకు ఇంతకంటె సూటియైన ప్రత్యుత్తరము లేదు.

సమర్థకులకు ఇంకొక వాదము కలదు: ప్రతిభ గలవానిని కంచె ఆపదు, చౌరాసియాను చూడుడని. నిజమే. ఎస్. ఎస్. పి. చౌరాసియా రాయల్ కలకత్తా క్లబ్బులో పచ్చికను సంరక్షించు ఉద్యోగి కుమారుడు. అక్కడనే కేడీగా సంచులు మోసి, చూచి నేర్చి, 2008లో ఇండియన్ మాస్టర్స్‌ను, 2016, 2017 సంవత్సరములలో ఇండియన్ ఓపెన్‌ను గెలిచెను. ఇది దేశము గర్వింపదగిన చరిత్ర. కాని ఇది కంచెకు ప్రశంస ఎట్లగును? తండ్రి ఉద్యోగము వలన అతడు పుట్టుకతోనే కంచెకు లోపల నుండెను. అతడు మెట్లెక్కి వచ్చినది సభ్యుల ద్వారము గుండ కాదు, సేవకుల ద్వారము గుండ. లోపల నున్న ఒక్క పేద బిడ్డకు అంత నేర్పు అబ్బగా, బయట నున్న లక్షలమంది బిడ్డలలో ఎందరు చౌరాసియాలు చేతికి కర్ర తగులకయే పెరిగి పెద్దవారైనారో లెక్కించువారెవరు? ఒక్కని గెలుపు చూపి వేయిమంది నష్టమును కప్పిపుచ్చరాదు.

మరికొందరు పర్యావరణమును అడ్డుపెట్టుదురు. నగరములలో మిగిలిన పచ్చదనము గోల్ఫు మైదానముల చలువయే యందురు. 18 గుంటల మైదానము ఒకటి ఇంచుమించు 100 నుండి 200 ఎకరముల నేలను కోరును. వేసవిలోను తడి ఆరని పచ్చికకై నీటిని త్రాగును. అదే నేల తోటగా నున్నచో చెట్లును ఉండును, చెట్ల నీడన మనుష్యులును ఉందురు. హైదరాబాదులో గోలకొండ నయాఖిల్లా సంగతి ఇందులకు సాక్ష్యము. 1656 మొగలు ముట్టడి తరువాత అబ్దుల్లా కుతుబ్ షా కాలమున విస్తరించిన ఆ కోటభాగమున శతాబ్దముల వయస్సు గల బ్రహ్మాండమైన బావొబాబ్ వృక్షము, మసీదులు కలవు. ఆ ప్రాకారముల నడుమనే గోల్ఫు మైదానము వెలసినది. చారిత్రక సంపద పరిరక్షకులు ఆక్షేపించుచునే యున్నారు. కుతుబ్ షాహీలు శత్రువులు రాకుండ కట్టిన గోడలు, నేడు పౌరులు రాకుండ ఆటగాండ్రకు ఉపయోగపడరాదు.

స్వంత నేలపై స్వంత ధనముతో కొందరు కూడి ఆడుకొనుటకు స్వేచ్ఛ లేదా యని తుదకు అడుగుదురు. ఉన్నది, ఆ స్వేచ్ఛను కాదనుట లేదు. కాని ప్రభుత్వ భూమిని, రక్షణ శాఖ భూమిని, చారిత్రక భూమిని అనుభవించువారికి ఆ వాదము చెల్లదు. అట్టి మైదానములు వారమునకు ఒక్క దినమైనను సెయింట్ ఆండ్రూస్‌వలె పాదచారులకు తెరువబడవలెను. బడిపిల్లలకు ఆట నేర్పు వేళలు ఉండవలెను. ధోవతి, చీర, జాతి దుస్తులు నేరములు కారాదు. సంచి మోయు కేడీకి నియత వేతనముతో పాటు ఆడుకొను హక్కును లభింపవలెను. పెద్దవాడైన విద్యాసాగరుడు స్టేషనులో కూలీ కొరకు కేకలు వేయుచున్న యువకుని పెట్టెను తానే మోసి సిగ్గుపరచినాడను కథ బెంగాలు దేశమంతట చెప్పుకొందురు. ఆయన పేరు పెట్టుకొన్న నేలపై మోయువాని గౌరవము మొదటి మాట కావలెను.

ఖరగ్‌పూరునకు తనదైన ప్రఖ్యాత స్థలము ఒకటి ఇదివరకే కలదు. 1072 మీటర్ల దాని రైల్వే ప్లాట్‌ఫారము ప్రపంచమున అతి దీర్ఘమైనదని 2013 వరకు పేరు పొందెను. ఆ వెనుక గోరఖ్‌పూరును, 2023లో హుబ్బళ్లియు దానిని మించినవి. బిడ్డను చంకనెత్తుకొన్న తల్లియు, ఇంజనీరును, టీ అమ్మువాడును దానిపై ఒకే వరుసను నడచిరి. అందరు నడచుట చేత దాని కీర్తి తరుగలేదు. విద్యాసాగరుని పేరిట నెలకొన్న పారిశ్రామిక వాడలో రేపు ఆటస్థలము కట్టదలచినవారు కొలతబద్దను అగస్టా నుండి తెప్పింపనక్కరలేదు. ఆ ప్లాట్‌ఫారముపై నిలిచి చూచిన చాలును.