గగన్ మాట వినే చెవి ఏది?

సంక్రాంతి ముందు రోజుల్లో, వరికోతలు ముగిసి మినుము మొలకెత్తే వేళ, మా పొన్నూరు పొలాల మీద మంచు దుప్పటిలా పరుచుకుంటుంది. అటువంటి ఒక ఉదయం తమ్ముణ్ణి తీసుకురావడానికి గన్నవరం వెళ్ళాను. విమానం వచ్చింది, చప్పుడు వినిపించింది, రెండు మూడు చుట్లు తిరిగి హైదరాబాదుకు మళ్ళిపోయింది. సాయంత్రానికి తమ్ముడు రైల్లో దిగాడు. తప్పెవరిదీ కాదు. కానీ, నేల కనిపించనప్పుడు విమానం ఎలా దిగుతుందన్న ప్రశ్న అప్పటినుంచి నన్ను వదలలేదు.

ప్రపంచమంతటా ఎక్కువగా వాడుకలో ఉన్నది ఇన్‌స్ట్రుమెంట్ లాండింగ్ సిస్టమ్, పొట్టిగా ఐఎల్ఎస్. రన్‌వే దగ్గర నాటిన ఏంటెనాలు రెండు రేడియో దారులు వేస్తాయి. ఒకటి కుడి ఎడమలు చెబుతుంది, రెండవది సుమారు మూడు డిగ్రీల వాలు చూపుతుంది. కాక్‌పిట్‌లో రెండు సూచికలు మధ్యకు వచ్చి కలిస్తే దారి సరిగ్గా ఉన్నట్టు. చక్కని ఏర్పాటే. అయితే రన్‌వేకు రెండు కొసలుంటాయి. ఏ కొసకు ఆ కొసకు విడిగా ఏంటెనాలు కావాలి. చుట్టూ నేల చదునుగా ఉండాలి, తరచుగా సరిచూస్తుండాలి. రోజుకు నాలుగు విమానాలు వచ్చే చిన్న ఊరికి ఇది మోయరాని బరువు.

ఇక్కడే మన దేశం ఒక మంచి పని చేసింది. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి 774 కోట్ల రూపాయలతో గగన్ అనే వ్యవస్థను నిర్మించాయి. మామూలు జీపీఎస్ చెప్పే ఎత్తును నమ్మి విమానం దించలేము. అందుకని దేశంలో పదిహేను చోట్ల కొలత కేంద్రాలు పెట్టారు (మనకు దగ్గరివి బెంగళూరు, నాగపూర్, భువనేశ్వర్). తామున్న చోటు వాటికి కచ్చితంగా తెలుసు కనుక జీపీఎస్ ఎంత తప్పుతోందో పట్టుకుంటాయి. ఆ దిద్దుబాటు బెంగళూరు చేరి, అక్కడినుంచి ఉపగ్రహానికెక్కి, దేశమంతటా వినిపిస్తుంది. నేల మీద ఏంటెనాలు లేని రన్‌వేకు సైతం, రెండు కొసలకూ, వాలుదారి దొరుకుతుంది. జీపీఎస్‌ను నమ్మరాని పరిస్థితి వస్తే ఆ సంగతినీ కొద్ది సెకన్లలో చెప్పేస్తుంది.

ఇదేమీ తేలికగా రాలేదు. మన తలమీది అయనోవరణం మహా చంచలమైనది. అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణాది మీదుగా పోవడం వల్ల సూర్యాస్తమయం తరువాత ఆ పొర కల్లోలమై రేడియో సంకేతాలను తడబెడుతుంది. అమెరికా, ఐరోపాల లెక్కలు ఇక్కడ యథాతథంగా పనికిరావు. ఆ పొరను కొలిచి అర్థం చేసుకునే పనిలో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏళ్ళ తరబడి శ్రమించారు. మన పత్రికల్లో వారి గురించి ఎంత తక్కువ రాశారో! గగన్ పరికరంతో బయలుదేరిన జీశాట్-4, 2010 ఏప్రిల్ 15న శ్రీహరికోట నుంచి లేచి బంగాళాఖాతంలో పడిపోయింది. మరుసటి ఏడు జీశాట్-8 ఆ బాధ్యత అందుకుంది. 2015లో, నిలువు మార్గదర్శనంతో విమానాలను దించడానికి గగన్‌కు అధికారిక ధ్రువీకరణ లభించింది.

మరి వాడిందెవరు? రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో వారి ఏటీఆర్ విమానం గగన్ సాయంతో దిగింది 2022 ఏప్రిల్‌లో. అంటే ఏడేళ్ళ తరువాత! ఆకాశం మాట్లాడుతూనే ఉంది, కాక్‌పిట్‌లో వినే చెవి లేదు. ఆ రిసీవరు ఉండాలి, దానికి కలిసే సాఫ్ట్‌వేర్ ఉండాలి, పైలట్లకు శిక్షణ ఉండాలి. 2019 జనవరి నుంచి నమోదయ్యే ప్రతి విమానానికీ గగన్ తప్పనిసరి అని 2016 పౌర విమానయాన విధానం చెప్పింది. గడువు వెనక్కి జరిగింది.

సరిగ్గా ఇలాంటి కథే పాశ్చాత్య దేశాల్లో ఒకటి జరిగింది. ఐఎల్ఎస్‌కు వారసుడిగా మైక్రోవేవ్ లాండింగ్ సిస్టమ్‌ను అంతర్జాతీయ సంస్థ 1978లోనే ఎంచుకున్నది. సాంకేతికంగా మేలైనదే. విమానాశ్రయం పెట్టలేదని విమాన సంస్థలు కొనలేదు, సంస్థలు కొనలేదని విమానాశ్రయాలు పెట్టలేదు. చివరకు అమెరికా 1994లో దాన్ని ఆపేసింది. హీత్రో వంటి ఒకటి రెండు చోట్ల తప్ప పెద్దగా నిలబడలేదు. గగన్ విషయంలో ఆ సాకు కూడా లేదు, సగం పని ప్రభుత్వం చేసే పెట్టింది.

నిజం చెప్పాలంటే, ఆ రోజు గన్నవరం మంచుకు గగన్ మందు కాదు. అది దాదాపు 250 అడుగుల ఎత్తు వరకే చేయిపట్టి తీసుకువస్తుంది. అక్కడినుంచి పైలటుకు రన్‌వే కనిపించి తీరాలి. అయినా పలచని మంచులో, వాన మబ్బులో, ఏంటెనాలు లేని కొసనుంచి దిగవలసి వచ్చినప్పుడు ఆ 250 అడుగులే విమానం దిగడానికీ వెనక్కి మళ్ళడానికీ తేడా.

ఉడాన్ పథకంలో సీట్ల నష్టం పూడ్చడానికి ప్రభుత్వం సంస్థలకు డబ్బిస్తోంది. అందులో కొంత భాగాన్ని ఈ పరికరానికి ముడిపెట్టమని నా కోరిక. చిన్న ఊళ్ళకు తిరిగేవి ఎక్కువగా ఏటీఆర్లే, వాటిలో ఇది అమర్చుకునే వీలూ ఉంది. తొందర కూడా ఉంది: 2011లో ఎగిరిన జీశాట్-8కు అనుకున్న ఆయుర్దాయం పన్నెండేళ్ళ పైచిలుకు, ఆ పన్నెండూ 2023లోనే నిండాయి.