సంక్రాంతికి ఊరెళ్తూ ఆ మిషన్ మర్చిపోకండి



దీపావళికి వెళ్లి తిరిగొస్తున్న రోజుల్లో, 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున, హైదరాబాద్ నుంచి బెంగళూరుకు వస్తున్న బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద తగలబడింది. ఆ భయం బెంగళూరులో ఉన్న మనలో ఇంకా పోలేదు. 2013లో పాలెం దగ్గర వోల్వో బస్సు కాలి 45 మంది చనిపోయిన సంగతి మళ్లీ అందరి నోళ్లలో నలిగింది. "ఇక బస్సు వద్దు, రాత్రి భోంచేసి మన కార్లోనే పోదాం" అని ఇప్పుడు ఎవరిని కదిలించినా అంటున్నారు. ఆ మాట వినే ఇది రాస్తున్నాను.

చిన్నటేకూరులో కారణం వేరు. రోడ్డు మీద పడి ఉన్న బైకు బస్సు కింద ఇరుక్కుని మంటలు లేచాయి. కానీ అదే 44వ నంబరు హైవే మీద, 2021 ఫిబ్రవరి 14న, వెల్దుర్తి మండలం మాదార్‌పురం దగ్గర మదనపల్లె వాళ్ల టెంపో డివైడర్ దాటి లారీని ఢీకొట్టి 14 మంది పోయారు. అదీ తెల్లవారుజామునే. డ్రైవర్ కునుకు తీశాడేమోనని అప్పుడు అనుమానించారు. సొంత కారైతే ఆ స్టీరింగ్ మన చేతిలోనే ఉంటుంది.

ఆ కునుకు వెనక ఒక్కోసారి జబ్బు ఉంటుంది. మా ఇంటి సంగతే చెబుతాను. మావారి గురక మా పెళ్లినాటిది. "వాడు పడుకుంటే ఇల్లు కూలినా లేవడు" అని అత్తగారు మురిసిపోయేవారు. నలభై దాటాక ఆ గురక మధ్యలో ఆగడం మొదలైంది. పొట్ట ఎగుస్తూనే ఉంటుంది, ముక్కులోంచి గాలి రాదు. పక్కన కూర్చుని భుజం తట్టబోయేలోపు, ఎవరో గొంతు పట్టి వదిలినట్టు ఒక్కసారి గాలి పీల్చి మళ్లీ గురక. పొద్దున్నే తలనొప్పి. హెబ్బాళ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ ఆగితే చాలు, రెప్పలు వాలేవి. పగటి మత్తును కొలవడానికి డాక్టరు ఇచ్చిన ఎప్‌వర్త్ ప్రశ్నల కాగితంలో ఎనిమిదో ప్రశ్న సరిగ్గా అదే: ట్రాఫిక్‌లో కారు కాసేపు ఆగినప్పుడు కునుకు పడుతుందా? మొత్తం 24 మార్కుల్లో 10 దాటితే పరీక్ష చేయించుకోవాలి.

ఈ జబ్బున్నవాళ్లకు నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది. గంటకు 30 సార్లు, అంతకుమించి ఇలా జరిగితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా అంటారు. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర చాలదు. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటల బప్పీలహరి 2022లో పోయినప్పుడు డాక్టర్లు చెప్పిన పేరు ఇదే.

దీనికి చికిత్స సీప్యాప్ మిషన్. సిడ్నీలో కోలిన్ సలివన్ కనిపెట్టి 1981లో ప్రకటించారు. మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. అయితే పెట్టుకున్న రాత్రికే అది పనిచేస్తుంది. మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే పగటి మత్తు తిరిగొస్తుంది.

మన మగవాళ్లతో నా బాధంతా ఇక్కడే. ఇంట్లో బుద్ధిగా పెట్టుకుంటారు, అత్తారింటికి మాత్రం తీసుకురారు. "బావమరుదుల ముందు ముక్కుకి గొట్టమేంటి? మూడు రాత్రులకేం కాదులే" అంటారు. ఆ మూడు రాత్రులూ పిండివంటలు, పేకాట, కొందరికి మందు కూడా. మందు ఆ గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తుంది. కనుమ అయ్యాక రాత్రి పదింటికి బయల్దేరి, తెల్లారేసరికి బెంగళూరు దారిలో బాగేపల్లి టోల్ దాటాలంటారు. ఏమండీ, బావమరిది నవ్వుతాడని వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లల్ని పణంగా పెడతారా?

లైసెన్సు దగ్గర ఎవరో ఆపుతారనుకోకండి. ఫారం-1లో మూర్ఛలు, రేచీకటి అడుగుతారు, స్లీప్ ఆప్నియా పేరెత్తి అడగరు. బ్రిటన్‌లో ఈ జబ్బుతో పగటి మత్తు ఉంటే బండి ఆపి లైసెన్సు శాఖకు చెప్పాలి, అదుపులోకి వచ్చాక మళ్లీ నడపొచ్చు. ఇక్కడ ఆ మాట ఇంట్లోవాళ్లే చెప్పాలి. అక్కలూ, చెల్లెళ్లూ, ఆగిపోయే గురక వినేది మీరే. డాక్టరు దగ్గరికి మీరూ వెళ్లి చెప్పండి. నిద్ర పరీక్ష నిమ్హాన్స్‌లోనూ పెద్ద ఆసుపత్రుల్లోనూ చేస్తారు.

    మన సంఘం ముగ్గుల పోటీ కోసం ఎవరూ రాత్రికి రాత్రి పరుగెత్తుకు రాకూడదని, దాన్ని ఒక వారం వాయిదా వేశాం.

కాబట్టి తొందరేం లేదు. పగలే బయల్దేరండి. నిద్రొస్తే పాటలు పెంచి, అద్దాలు దించి లాగకండి, బండి పక్కన ఆపి పడుకోండి. మాస్కు, గొట్టం, మిషన్‌తో పాటు ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా పెట్టుకోండి, పాత ఇళ్లలో ప్లగ్గు మంచానికి దూరంగా ఉంటుంది.