తడిగోడకు కొత్త తొడుగు

పిల్లలూ! తడిచొక్కా మీద పొడిచొక్కా తొడుక్కుంటే ఏమవుతుంది? కాస్సేపు పైకి పొడిగానే కనిపిస్తారు. లోపలి చొక్కా మాత్రం ఆరదు, పైది కూడా తడుస్తుంది. గోడల విషయంలో పెద్దవాళ్ళు ఒక్కొక్కప్పుడు ఈ పనే చేస్తారు.

నిజామాబాదులోనూ, బోధన్ చుట్టుపట్ల పల్లెలలోనూ మట్టితో కట్టి, సున్నం పూసిన పాత ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వాటి కప్పును మోసేవి కొయ్య దూలాలు. బోధన్ ప్రాంతంలో నల్లరేగడి నేల ఎక్కువ. అది నీటిని చాలాకాలం పట్టి ఉంచుతుంది. 1931లో మంజీరా నది మీద నిజాంసాగర్ పూర్తి అయింది. కాలువల నీటితో చెరకు తోటలు పెరిగాయి. ఆ చెరకు కోసమే 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. అది 2015లో మూతబడింది.

నేలలోని తేమ గోడలోకి ఎలా ఎక్కుతుంది? పళ్ళెంలో చెంచాడు రంగునీరు పోసి, అందులో ఒక చక్కెర బిళ్ళను నిలబెట్టండి. చూస్తూండగానే రంగు పైకి పాకుతుంది! బిళ్ళలోని సన్నని సందులే దానికి దారి. దీనినే కేశనాళికీయత అంటారు. మట్టిలోనూ, ఇటుకలోనూ ఇలాంటి సందులే ఉన్నాయి.

మరి గోడ నాని ముద్ద కాదేం? సున్నపుపూత గుండా ఆ తేమ ఆవిరై గాలిలో కలిసిపోతుంది గనుక. గోడమీద మచ్చలు కనబడగానే కొందరు వాటిని సిమెంటుతో కప్పేస్తారు. మరి కొందరు కొయ్య బద్దలు కొట్టి, వాటిపై ప్లాస్టిక్ పలకలు బిగిస్తారు. అప్పుడు ఆవిరి పోయే దారి మూసుకుపోతుంది. తేమ ఇంకా పైకి ఎక్కి, బద్దలకూ దూలాల కొసలకూ తగులుతుంది. కొయ్యలో తేమ నూటికి 20 పాళ్ళ లోపున ఉన్నంత కాలం అది కుళ్ళదు. తడి నిలిచి ఉంటే శిలీంధ్రాలు చేరుతాయి, చెదలు పడతాయి. పైన పలక నిగనిగలాడుతూనే ఉంటుంది!

అమెరికాలో చాలా ఇళ్ళకు గోడలే కొయ్య పలకలు. అక్కడ జాగ్రత్త తెలిసిన పనివాళ్ళు పాత పలకలపై కొత్త తొడుగు వేసేముందు కుళ్ళిన పలకలు తీసేస్తారు. రెండు పొరల నడుమ కొంచెం సందు వదులుతారు. లోపల చేరిన నీరు జారిపోవాలి, గాలి ఆడాలి.

మీ ఇంట్లో తడిగోడ ఉంటే ఈ పరీక్ష చేయండి. జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు ఆనించి, నాలుగు అంచులూ టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. కాగితం వెనుక, గోడవైపు నీటి చుక్కలు చేరితే తేమ గోడలోనిది. గదివైపు చేరితే గాలిలోనిది.

గోడలోనిదే అయితే, అది ఎక్కడి నుంచి వస్తున్నదో పెద్దలతో కలిసి వెతకండి. పగిలిన పెంకా? కారే గొట్టమా? గోడ పక్కనే నిలిచిన మురుగు నీరా? ముందు దానిని బాగుచేయించి, ఎండాకాలమంతా గోడను ఆరనిచ్చి, ఆ తరవాతనే తొడుగు సంగతి ఆలోచించాలి.

ఒక్క మాట: వానాకాలంలో ఉబ్బిన గోడగాని, కుంగిన దూలంగాని కనిపిస్తే దాని దగ్గర ఆడకండి, పడుకోకండి. వెంటనే పెద్దలకు చెప్పండి.